దిండు మీంచి చూస్తే కనిపించేది: ఆస్పత్రి గోడల మీద బొమ్మలు, ఎంపిక నుంచి బిగింపు దాకా

గోడపని (ఆన్‌లైన్ చర్చ మొదలుపెట్టినవారు; ప్రతి భాగం పైనా రాసినవాళ్ల మారుపేరు ఉంటుంది)

120 పడకల కొత్త బ్లాకు. గోడలకి రంగులు వేస్తున్నారు. వరండాలు, జనరల్ వార్డులు, ఐసీయూ, పిల్లల వార్డు, స్కానింగ్ గదులు అన్నిటికీ బొమ్మలు ఎంపిక చేయాలి. కమిటీలో మాట ఎప్పుడూ "అందం కోసం" దగ్గరే ఆగిపోతోంది. రోగికి ఉపయోగం ఉందని నిజంగా ఎక్కడ తేలింది? ఏ గదిలో ఏం పెట్టకూడదు? దేని మీద అచ్చు వేయించాలి, ఎలా బిగించాలి? ఈ పని తెలిసినవాళ్లు వివరంగా రాయండి. పొడుగైనా పరవాలేదు.

ఆధారం

ముందు రుజువుల సంగతి చూద్దాం. కమిటీలో డాక్టర్లు మొదట అడిగేది అదే.

అందరూ ఎత్తేది పరిశోధకుడు రోజర్ ఉల్రిచ్ 1984లో సైన్స్ పత్రికలో వేసిన పరిశీలన. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆస్పత్రిలో 1972 నుంచి 1981 దాకా పిత్తాశయం తీసేసిన రోగుల రికార్డులు తీసి, వయసు లాంటివి సరిపోయేలా 23 జతలు కట్టాడు. జతలో ఒకరి కిటికీలోంచి చెట్లు, రెండోవారి కిటికీలోంచి ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్లు ఆపరేషన్ తర్వాత సగటున 7.96 రోజులు ఉన్నారు, గోడ కనిపించినవాళ్లు 8.70 రోజులు. బలమైన నొప్పి మందులు కూడా చెట్లవైపు వాళ్లకి తక్కువే పట్టాయి. ఒకటి గుర్తుంచుకోండి. అది కిటికీ మీద చేసిన పరిశీలన, పటం మీద కాదు.

పటానికి దగ్గరగా వచ్చేది 1993లో స్వీడన్‌లోని ఉప్సాలా యూనివర్సిటీ ఆస్పత్రిలో ఆయన బృందమే చేసిన పని. గుండె ఆపరేషన్ అయిన 160 మంది. కొందరి ముందు నీళ్లూ చెట్లూ ఉన్న తెరిపి దృశ్యం, కొందరికి నీడ కమ్మిన అడవి, కొందరికి నైరూప్య చిత్రాలు (గుర్తుపట్టే వస్తువు లేకుండా గీతలు, రంగులే ఉన్నవి), మిగతావాళ్లకి ఖాళీ తెల్ల పలక లేదా ఏమీ లేదు. నీళ్ల దృశ్యం ముందున్నవాళ్లలో ఆందోళన తగ్గింది. నిలువు, అడ్డ గీతలతో కట్టిన నైరూప్య చిత్రం మాత్రం ఏమీ లేకపోవడం కన్నా ఎక్కువ ఆందోళన తెచ్చింది.

ఇక అసలు బలహీనత. ఆస్పత్రి వాతావరణం మీద 2012 కోక్రేన్ సమీక్షలో (వైద్య అధ్యయనాలన్నిటినీ కలిపి తూచే సమీక్ష) 102 అధ్యయనాలు ఉంటే వాటిలో 85 సంగీతం మీదివే. అలంకరణ మీద ఉన్నది ఒక్కటి. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన నివేదికలో 3000 పైచిలుకు అధ్యయనాలు ఉన్నాయని చూపిస్తారు. కానీ అందులో పాట, నాట్యం, నాటకం, చేతిపని అన్నీ కలిసే ఉన్నాయి. కాబట్టి "బొమ్మ పెడితే రోగి త్వరగా ఇంటికెళ్తాడు" అని కమిటీ నోట్‌లో రాయొద్దు, మొదటి ప్రశ్నకే కూలిపోతుంది. "సరైన బొమ్మ ఆందోళన తగ్గించడానికి సాయపడుతుంది, తప్పు బొమ్మ పెంచుతుంది" అని రాయండి. దీన్ని ఎవరూ కొట్టేయలేరు.

కుంచెగీత

ఉప్సాలా పేరు చెప్పి నైరూప్య చిత్రాలన్నిటినీ వెలివేయడం నాకు నచ్చదు. అక్కడ పరీక్షించింది ఒకటి రెండు బొమ్మల్ని. దాన్నిబట్టి ఒక కళారీతి మొత్తానికి తీర్పు ఎలా ఇస్తాం?

పైగా ఆస్పత్రి బొమ్మ అంటే చెరువూ చెట్టూ అనుకోవడం ఇటీవలి అలవాటు. జర్మన్ చిత్రకారుడు గ్రూనెవాల్డ్ 1512-1516 మధ్య వేసిన ఐసెన్‌హైమ్ పీఠచిత్రం (చర్చి పూజావేదిక దగ్గర నిలిపే పెద్ద బొమ్మ) చూడండి. బూజు పట్టిన రై అనే ధాన్యం వల్ల వచ్చే ఎర్గాట్ రోగం పట్టినవాళ్లకు సేవ చేసిన మఠం కోసం వేసింది అది. శిలువ మీది దేహం నిండా పుళ్లు, వంకర తిరిగిన వేళ్లు. తమ బాధలాంటి బాధే అక్కడ రోగులకి ఎదురుగా కనిపించేది. ఇటలీలోని సియెనాలో శాంటా మారియా దెల్లా స్కాలా ఆస్పత్రి వార్డు గోడల మీద 1440ల్లో వేసిన కుడ్యచిత్రాల్లో ఆ ఆస్పత్రి పనే ఉంది: గాయం కడగడం, అనాథ పిల్లల్ని చేర్చుకోవడం. 1953లో మెక్సికో నగరంలోని లా రాసా ఆస్పత్రిలో డియెగో రివేరా వేసింది వైద్య చరిత్ర. వీటిల్లో ఏదీ "ప్రశాంత దృశ్యం" కాదు.

రంగుగది (ఆర్ట్ థెరపీ)

కుంచెగీత గారూ, మీరు చెప్పిన ఉదాహరణలు సరైనవే. కానీ ఐసెన్‌హైమ్ రోగికి ఆ బొమ్మ వెనక ఒక నమ్మకం, పక్కన ప్రార్థన చేసే మనిషి ఉన్నారు. ఇప్పటి వార్డులో బొమ్మ ఒంటరిగా రోగి ముందు నిలబడాలి.

నేను గీసుకునే గీత ఒక్కటే: చూసే మనిషి అక్కణ్ణించి లేచి వెళ్లగలడా? ప్రవేశ హాలు, మెట్లు, వరండా, క్యాంటీన్ దారి లాంటి చోట్ల నైరూప్యం, చరిత్ర, ప్రశ్న వేసే బొమ్మ ఏదైనా పెట్టండి. నచ్చకపోతే దాటి వెళ్లిపోతారు. పడక ఎదుట, డయాలసిస్ కుర్చీ ఎదుట, కీమో గదిలో, ఐసీయూలో మనిషి కదల్లేడు. అక్కడ అర్థం రెండు రకాలుగా తిరిగే బొమ్మ పెట్టొద్దు. భయంలో ఉన్న మనసు అస్పష్టమైన ఆకారంలో తన భయాన్నే చదువుకుంటుంది. అమెరికాలో డ్యూక్ ఆస్పత్రి కేన్సర్ విభాగంలో కోణాలు తేలిన లోహపు పక్షుల శిల్పాలు పెడితే, చాలామంది రోగులకి అవి భయం పుట్టించాయి, చివరికి తీసేశారు. కళగా వాటికి వంక పెట్టలేం. పెట్టిన చోటే తప్పు.

ఐసీయూ మాట విడిగా చెప్పాలి. అక్కడ డెలిరియం (జబ్బులో వచ్చే తాత్కాలిక మతిభ్రమ) వచ్చిన రోగికి గోడ మీది చుక్కలు పురుగులై పాకుతాయి, కర్టెన్ మీది పువ్వులు మొహాలవుతాయి. అందుకని చిన్న చిన్న ఆకారాలు మళ్లీ మళ్లీ వచ్చే డిజైన్, నేరుగా చూసే కళ్లు, తలుపులా కిటికీలా భ్రమ పెట్టే బొమ్మ వద్దు. ఇంకా కదల్లేని చోట్లన్నిటా నేను పక్కన పెట్టేవి: ఆకు రాలిన చెట్లు, తుఫాను మేఘం, చీకట్లోకి పోయే దారి, ఖాళీ కుర్చీ, మరీ దగ్గర నుంచి తీసిన ఎర్రటి పువ్వు. ఆ చివరిది గాయంలా కనిపిస్తుంది. ఎంపిక చేసేవాళ్లకి ఇది తట్టదు, డ్రెస్సింగ్ మార్పించుకుంటున్న మనిషికి వెంటనే తడుతుంది.

పనిచేసేవి ఎలా ఉంటాయంటే: ముందు భాగంలో వెలుతురు, నడవదగ్గ దారి, నిశ్చలమైన నీరు, కనిపించేంత దూరం, పచ్చగా ఉన్న కాలం.

కుంచెగీత

"లేచి వెళ్లగలడా" అన్న గీత ఒప్పుకుంటాను. ఒక మాట మాత్రం చేర్చాలి. ప్రకృతి దృశ్యం పేరుతో ఇంటర్నెట్ నుంచి దింపిన జలపాతం ఫొటోని 40 గదుల్లో అతికించొద్దు. రెండు వారాలు ఉండే రోగి మూడో రోజుకే దాన్ని చూడడం మానేస్తాడు. చేత్తో వేసిన బొమ్మలో వెతికితే దొరికే చిన్న విషయాలుంటాయి: గట్టు మీద నడిచే మనిషి, కొమ్మల వెనక గూడు. చిత్రకారుణ్ణి పిలిచి వార్డు చూపించి వేయించండి. అసలు బొమ్మ వరండాలో ఉంచి, గదులకి అచ్చులు వేయించవచ్చు. ఎన్ని కాపీలు, ఎన్నేళ్లు, పాడైతే మళ్లీ అచ్చు వేయొచ్చా, ముక్కగా కత్తిరించొచ్చా, ఇవన్నీ ఒప్పందంలో ముందే రాసుకోండి.

నక్షా (ఆస్పత్రి ఆర్కిటెక్చర్)

ఎత్తు దగ్గర దాదాపు అందరూ పొరబడతారు. పటం మధ్యభాగం నేల నుంచి 145-150 సెం.మీ. అన్నది నిలబడి చూసేవాళ్ల లెక్క. వరండాకి అది సరిపోతుంది. పడక ఎదుటి గోడకి సరిపోదు.

లెక్క వేద్దాం. పరుపు పైభాగం నేలకి 60 సెం.మీ. వీపు 30 డిగ్రీలు లేపితే రోగి కన్ను సుమారు 1 మీటరు ఎత్తులో ఉంటుంది. ఆ కన్ను నుంచి ఎదుటి గోడకి సుమారు 2.8 మీటర్లు. వెనక్కి వాలిన మనిషి చూపు తిన్నగా పోదు, కొంచెం పైకే పోతుంది. 15 డిగ్రీలు పైకి అనుకుంటే గోడ మీద 175 సెం.మీ. దగ్గర పడుతుంది. కాబట్టి పడక ఎదుట పటం మధ్యభాగం 165-175 దగ్గర ఉండాలి. 150 దగ్గర పెడితే మంచం చివరి పలకా, నిలబడ్డ మనుషులూ అడ్డం వస్తారు. వెడల్పు కనీసం 1 మీటరు ఉండాలి. 40 సెం.మీ. పటం అంత దూరం నుంచి తపాలా బిళ్లలా కనిపిస్తుంది. చక్రాల కుర్చీలో ఉండే రోగులు ఎక్కువగా తిరిగే చోట మాత్రం మధ్యభాగాన్ని 120-130కి దించండి.

తల వెనక గోడ మీద పటం పెట్టొద్దు. రోగికి కనిపించదు, ఊడితే తల మీద పడుతుంది, ఆక్సిజన్, సక్షన్ పాయింట్లకి అడ్డం. అయినా ఎక్కువ బొమ్మలు అక్కడే కనిపిస్తాయి. గుమ్మంలోంచి ఫొటో తీస్తే గది బాగా వస్తుందని అక్కడ పెడతారు.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1933లో పూర్తయిన ఫిన్లాండ్ పైమియో శానటోరియంలో ఆల్వార్ ఆల్టో గదిని పడుకున్న మనిషి కోసమే గీశాడు. సీలింగ్‌కి ముదురు పచ్చ రంగు, కంట్లో పడని చోట దీపం, నీళ్లు పడే చప్పుడు రాని వాష్ బేసిన్. గదిలో ఒక్క పటం లేకపోయినా అది కళే.

ఎంపిక చేసిన బొమ్మని అసలు సైజులో చౌక కాగితం మీద అచ్చు వేయించి, గోడకి టేపుతో అంటించండి. కమిటీ సభ్యులు ఒక్కొక్కరే మంచం మీద పడుకుని చూడాలి. పగలొకసారి, రాత్రి దీపాల్లో ఒకసారి. కిటికీ వెలుగు పడి పటం అద్దంలా మెరుస్తోందా లేదా అన్నది అప్పుడే తెలుస్తుంది.

శుభ్రతనర్సు (ఇన్ఫెక్షన్ కంట్రోల్)

బొమ్మ ఏదైనా సరే, నేను అడిగేది ఒకటే: తడిగుడ్డతో, క్రిమిసంహారకంతో రోజూ తుడిస్తే నిలబడుతుందా?

మా తరఫున ముందే కాదనేవి: అద్దం లేని కాన్వాస్, గుడ్డతో చేసిన వేలాడే కళ, జనపనార, చెక్కిన చెక్క, ఎండుపూలు, రోగుల గదిలో ఫౌంటెన్. నిలవ నీళ్లలో పెరిగే లెజియోనెల్లా బాక్టీరియా తుంపరలతో గాల్లోకి వస్తుంది, అందుకే ఫౌంటెన్ వద్దంటాం. ఎముక మజ్జ మార్పిడి వార్డులో మట్టికుండీ మొక్కలు అసలే వద్దు, మట్టిలో ఆస్పర్‌జిల్లస్ బూజు ఉంటుంది.

తుడిచే పద్ధతి: పై అంచు నుంచి కిందికి. ముందు తడి మైక్రోఫైబర్‌తో దుమ్ము తీయాలి, పొడి గుడ్డ దులిపితే దుమ్ము గాల్లోకి లేస్తుంది. తర్వాత డిటర్జెంట్. అవసరమైన చోట 1000 పీపీఎం (పది లక్షల్లో వెయ్యి వంతులు) క్లోరిన్ ద్రావణం, అంటే 5 శాతం హైపోక్లోరైట్ 20 మి.లీ. తీసుకుని నీళ్లు కలిపి 1 లీటరు చేయాలి. లేబుల్ మీద రాసినంత సేపు తడిగా ఉంచి, చివర్లో మామూలు నీళ్ల గుడ్డతో తుడవాలి. ఈ ఆఖరి తుడుపు మానేస్తే మిగిలిన క్లోరిన్ లోహపు ఫ్రేముని తెల్లబార్చి తినేస్తుంది.

స్ప్రే ఎప్పుడూ గుడ్డ మీద కొట్టాలి, పటం మీద కొట్టకూడదు. పటం మీద కొడితే కింది అంచు దగ్గర చేరిన ద్రవం అద్దానికీ అచ్చుకీ మధ్యకి ఎక్కుతుంది. కొన్నాళ్లకి కింద రెండు అంగుళాల మేర కాగితం ఉబ్బి అలలు తేలుతుంది. ఇలా ఉబ్బిన పటం ఎక్కడ కనిపించినా కారణం దాదాపు ఇదే.

గోడపని

మరి అద్దం బదులు ఆక్రిలిక్ షీటు వేయిస్తే? బరువు తక్కువ, పగిలినా ప్రమాదం లేదు అంటున్నారు.

శుభ్రతనర్సు

ఆల్కహాల్ వైప్స్ వాడే వార్డులో ఆక్రిలిక్ వద్దు. స్పిరిట్ తగిలిన కొద్దీ దాని మీద సాలెగూడులాంటి సన్నని చీలికలు వస్తాయి, మళ్లీ పోవు. పల్చటి లామినేటెడ్ అద్దం వేయించండి, లేదా అద్దమే లేకుండా అల్యూమినియం కాంపోజిట్ షీటు మీద నేరుగా అచ్చు వేసి పైన లామినేషన్ చేయించండి. ఇంకా గట్టిది కావాలంటే, అచ్చు కాగితాన్ని పొరల మధ్యే పెట్టి నొక్కిన డెకరేటివ్ లామినేట్ ఉంది. అందులో బొమ్మ లోపల ఉంటుంది కాబట్టి ఎంత తుడిచినా చెరగదు.

బిగింపు (వినైల్, ఫ్రేము పని)

ఫ్రేముల గురించి. మేకు, తాడు పద్ధతి వద్దు. పైన రెండు, కింద ఒకటి సెక్యూరిటీ హ్యాంగర్లు వేయాలి. కిందిది తాళం స్క్రూ, దాని తాళంచెవి మెయింటెనెన్స్ దగ్గరే ఉండాలి. జిప్సం బోర్డు గోడైతే బోర్డు వేయకముందే లోపల 12 మి.మీ. ప్లైవుడ్ బ్యాకింగ్ పెట్టించండి. మీకు రంగుల దశ వచ్చేసింది కాబట్టి, లోపలి స్టడ్ (బోర్డుని మోసే నిలువు పట్టీ) ఎక్కడుందో వెతికి దానికే బిగించాలి. గోడకీ ఫ్రేముకీ మధ్య సందులో దుమ్ము చేరకుండా పైనా పక్కలా సన్నగా సిలికాన్ గీయండి. కింద వదిలేస్తే తేమ బయటికి పోతుంది. ఫ్రేము పై అంచు ఏటవాలుగా ఉంటే దాని మీద ఎవరూ ఏమీ పెట్టరు.

గోడంతా వినైల్ (వెనక జిగురున్న ప్లాస్టిక్ షీటు) వేసేటప్పుడు ఎక్కువగా చెడేది తొందర వల్ల. ఎమల్షన్ చేతికి ఆరినట్టు ఉంటుంది, లోపల ఇంకా ఆవిరి వదులుతూనే ఉంటుంది. రంగు వేశాక 3-4 వారాలు ఆగాలి. ఆగకపోతే నెలలోపే బుడగలు. మరకలు పట్టవని అమ్మే రంగుల మీద, మరీ మ్యాట్ రంగుల మీద జిగురు సరిగా పట్టదు. ఒక అడుగు ముక్క అంటించి, 24 గంటల తర్వాత లాగి చూడండి. సులువుగా ఊడొస్తే ప్రైమర్ కొట్టి మళ్లీ పరీక్షించాలి. రంగు పెచ్చు కూడా ఊడితే లోపం పుట్టీలో ఉంది, వినైల్‌లో కాదు.

నేల నుంచి 90 సెం.మీ. దాకా ట్రాలీలు, స్ట్రెచర్లు తగిలే భాగం. అక్కడికి బొమ్మ దించకండి, బంపర్ రెయిల్ పైనుంచి మొదలుపెట్టండి. మూలలు చతురస్రంగా కాక 10 మి.మీ. గుండ్రంగా కత్తిరిస్తే అంచు లేవదు. గోడ మూల మీదుగా ఒకే ముక్కని తిప్పొద్దు. ఇక బయటికి వెళ్లే అత్యవసర దారుల్లో ఏ పదార్థం వేసినా, మంట వ్యాప్తి సర్టిఫికెట్ ఆ షీటుకీ, దాని జిగురుకీ కలిపి అడగండి.

బయోమెడ్ (వైద్య పరికరాల విభాగం)

ఎమ్మారై యంత్రమే ఇనుముని లాగేసే పెద్ద అయస్కాంతం. ఆ గదికి ఏం వెళ్లినా ముందు చేతి అయస్కాంతంతో పరీక్ష చేయాలి. ఫ్రేము అల్యూమినియం అని ధైర్యంగా తెస్తారు. కాన్వాస్‌ని చెక్కకి పట్టించిన స్టేపుల్ పిన్నులు ఇనుమువి అన్న సంగతి మర్చిపోతారు. హ్యాంగర్, స్క్రూ, వెనక తీగ అన్నీ చూడాలి. ఆ గది గోడలో రేడియో తరంగాల్ని ఆపే రాగి లేదా లోహపు కవచం ఉంటుంది, డ్రిల్లు దాంట్లోకి దిగితే స్కాన్ బొమ్మల్లో చారలు వస్తాయి. అంటించే వినైలే అక్కడ మేలు.

సీలింగ్‌లో వెలిగే ఆకాశం ప్యానెల్ అడుగుతారు. సీటీ గదిలో సమస్య లేదు. ఎమ్మారైలో మామూలు ఎల్ఈడీ డ్రైవర్ (దీపానికి తగ్గట్టు కరెంటుని మార్చే పెట్టె) స్కాన్‌ని చెడగొట్టే రేడియో చప్పుడు పుట్టిస్తుంది. డ్రైవర్ బయట ఉంచి, ఫిల్టర్ ద్వారా డీసీ కరెంటు లోపలికి తేవాలి. 60×60 టైల్స్ నాలుగు కలిపితే 120×120 వస్తుంది, అది చాలు. స్ప్రింక్లర్, పొగ డిటెక్టర్, ఏసీ గ్రిల్ ముట్టుకోవద్దు. సీలింగ్ మీద క్షితిజరేఖ ఉన్న దృశ్యం వద్దు, నెత్తిమీద నేల కనిపిస్తే తల తిరుగుతుంది. కింద నుంచి పైకి చూసినట్టున్న కొమ్మలు, మేఘాలే పెట్టండి.

నవజాత శిశువుల ఐసీయూలో గాఢమైన రంగుల గోడబొమ్మలు వద్దు. పసుపు గోడ నుంచి తిరిగొచ్చే వెలుగులో కామెర్లు ఉన్నా లేకున్నా ఒకేలా కనిపిస్తాయి, నీలం గోడ దగ్గర బిడ్డ పెదాల నీలిరంగు అర్థం కాదు. అక్కడ తటస్థ రంగులే ఉండాలి. బొమ్మ తల్లిదండ్రులు కూర్చునే వైపు చిన్నదిగా చాలు.

రంగుగది

మిగిలిన రెండు మూడు విభాగాలు.

మానసిక వైద్య వార్డు: పటం గోడలో కలిసిపోయేలా ఉండాలి. తాడు కట్టడానికి ఆనుకునే అంచు, కొక్కెం ఏదీ దొరకకూడదు. పాలీకార్బొనేట్, ప్రత్యేక స్క్రూలు వాడాలి. పక్క సందులు నింపేసి ఉండాలి.

పిల్లలు: జోకర్ బొమ్మలు మానేయండి. 2008లో బ్రిటన్‌లో షెఫీల్డ్ యూనివర్సిటీ వాళ్లు 4 నుంచి 16 ఏళ్ల పిల్లల్ని 250 మందికి పైగా అడిగితే జోకర్లు నచ్చవన్నారు, పెద్ద పిల్లలకి కూడా భయమన్నారు. 14 ఏళ్ల పిల్లవాణ్ణి కార్టూన్ ఏనుగు గదిలో పెడితే అవమానంగా తీసుకుంటాడు. పెద్ద పిల్లల గదిలో ఖాళీ మాగ్నెటిక్ బోర్డు ఇచ్చి, తనకి కావాల్సింది తనే పెట్టుకోనివ్వండి.

మతిమరుపు ఉన్న వృద్ధులు: నేల మీద బొమ్మలు వేయొద్దు. ముదురు మచ్చ గొయ్యిలా కనిపించి అడుగు వేయరు, పడతారు. గోడ మీద మాత్రం ప్రతి మలుపులో ఒక పెద్ద, స్పష్టమైన, వేరే వేరే వస్తువు బొమ్మ దారి గుర్తుకి బాగా పనికొస్తుంది. వయసుతో కంటి కటకం పసుపు తిరిగి నీలం, ఊదా మసకబారతాయి, లేత నీలం మీద లేత ఊదా వాళ్లకి దాదాపు కనిపించదు.

ఇంకొకటి, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది: ఎంపిక రోగి చేతికివ్వడం. 40×50 సెం.మీ. అచ్చులు 30-40 బండిలో పెట్టి మంచం మంచానికీ తిప్పండి. రోగి ఒకటి ఎంచుకుంటాడు. పడక పక్క గోడకి ముందే బిగించిన ఫ్రేములో ముందు నుంచి తెరిచి మార్చేయొచ్చు. దగ్గరగా ఉంటుంది కాబట్టి చిన్న సైజు చాలు. ఆస్పత్రిలో ఏ మందు, ఏ టైము, ఏ పరీక్ష అన్నది ఏదీ రోగి చేతిలో ఉండదు. ఇదొక్కటి ఉంటుంది.

శుభ్రతనర్సు

బండి పద్ధతికి నా అడ్డు లేదు. అచ్చులు లామినేట్ చేసి ఉండాలి, మంచానికీ మంచానికీ మధ్య తుడవాలి, ఐసొలేషన్ గదిలోకి బండి వెళ్లదు. అక్కడ ట్యాబ్‌లో చూపించి ఎంచుకోమనండి. రోగులతో బొమ్మలు వేయిస్తే ఒక్కో రోగికి ఒక్కో కిట్: చిన్న వాటర్ కలర్ పెట్టె, ఒక బ్రష్, మూతున్న కప్పులో 50 మి.లీ. నీళ్లు, ఏ5 అట్ట. ఇంకొకరికి ఇవ్వకూడదు. టర్పెంటైన్ వాడే ఆయిల్ రంగులు వద్దు. ఆక్సిజన్ దగ్గర ప్రమాదం, కీమో రోగులకి ఆ వాసనకే వాంతులు. పొడి రాలే పాస్టెల్స్ కూడా వద్దు.

ఆధారం

సంగీతం గురించి ఒక్క ముక్క, రుజువులు ఎక్కువున్నది దానికే కాబట్టి. వార్డు స్పీకర్లలో అందరికీ ఒకే పాట పెట్టొద్దు. వార్డుల్లో రాత్రి చప్పుడు సగటున 30 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకం. చాలా వార్డులు ఇప్పటికే దాన్ని దాటేసి ఉంటాయి. ఇయర్‌ఫోన్, రోగి ఎంచుకున్న పాట, నర్సు పిలిస్తే వినపడేంత వాల్యూమ్.

గోడపని

పెట్టాక పనిచేస్తోందో లేదో ఎలా చూడాలి?

నక్షా

ప్రతి పటానికీ నంబరు, ఫొటో, గది, పదార్థం, బిగించిన తేదీతో ఒక రిజిస్టరు పెట్టండి. ఆరు నెలలకోసారి హ్యాంగర్ కదులుతోందా, అంచు లేచిందా, రంగు వెలిసిందా చూడాలి. ఎండ నేరుగా పడే గోడ మీద కాగితపు అచ్చు మొదట ఎరుపు, పసుపు పోగొట్టుకుని నీలంగా మిగులుతుంది, అది కనిపిస్తే మార్చేయండి.

రంగుగది

రోగుల్ని "బొమ్మ బాగుందా" అని అడగొద్దు, మొహమాటానికి బాగుందంటారు. "ఈ గోడ మీద ఏముంది?" అని కళ్లు మూసుకుని చెప్పమనండి. ఏమీ చెప్పలేకపోతే అది అక్కడ లేనట్టే. తర్వాత "దీన్ని మార్చమంటారా, ఉంచమంటారా?" అని అడగండి. ఏ రోగైనా "తీసేయండి" అంటే కారణం అడక్కుండా ఆ పూటే తీసేసే అధికారం డ్యూటీ నర్సుకి ఉండాలి. అందుకోసం పటం కింది తాళం స్క్రూకి రెండో తాళంచెవి నర్సింగ్ స్టేషన్‌లో ఉంచండి, బిగింపు గారు మెయింటెనెన్స్ దగ్గరే అన్నా సరే.

బిగింపు

ఒప్పుకుంటాను. మానసిక వైద్య వార్డులో తప్ప.